బాలి ద్వీపంలో ఒక రోజు యాత్ర: గుడి, ఫోటో, సముద్రం – ముందేది?

2024 మార్చిలో బెంగళూరు నుండి బాలి ద్వీపంలోని దెన్‌పసార్ నగరానికి నేరుగా విమానం మొదలైనది. నాటి నుండి హోసూరు, కోలారు, బళ్లారి ప్రాంతాల తెలుగు ఇండ్లలో ఆ ద్వీపం పేరు తరచుగా వినవస్తున్నది. కొత్తగా పెండ్లయిన దంపతులే కాక, తల్లిదండ్రులను, పిల్లలను వెంటబెట్టుకొని వెళ్లు కుటుంబాలు కూడా పెరుగుతున్నవి. అట్టి వారిని మొదట ఆకర్షించునది ‘ప్రైవేట్ ద్వీప యాత్ర’ అను ప్రకటన. ఒక్క రోజులో మూడు గుళ్లు, నాలుగు ఫోటో స్థలాలు, పగడపు దిబ్బల నడుమ స్నార్కెలింగ్, మధ్యాహ్న భోజనం, సాయంత్రానికి తిరిగి హోటల్ – ఇదీ ఆ ప్రకటన సారాంశం. అది ఎంతవరకు సాధ్యమో, అవ్వాతాతలతో, చిన్న పిల్లలతో వెళ్లువారు ఏమి గమనించవలెనో వివరించుటే ఈ వ్యాసం ఉద్దేశం.

మనకు, బాలికి ఉన్న సంబంధం

ఒరిస్సా సరిహద్దు తెలుగువారికి ఈ పేరు కొత్త కాదు. కార్తీక పౌర్ణమి నాడు మొదలయ్యే కటక్ ‘బాలి జాత్ర’ గురించి విననివారు అక్కడ అరుదు. పూర్వం కళింగ నావికులు బాలి, జావా, సుమత్రా దీవులకు ఓడలలో వెళ్లిన జ్ఞాపకంగా ఆ ఉత్సవం జరుగుతున్నది. ఆనాడు తెల్లవారుజామున చిన్న పడవలను నీటిలో వదలుట అక్కడి ఆచారం.

ఇండోనేషియాలో ముస్లిములు అధిక సంఖ్యాకులు. బాలిలో మాత్రం పది మందిలో ఎనిమిది మందికి పైగా హిందువులు. వారు రోజుకు మూడు వేళల చేయు ‘త్రిసంధ్య’ గాయత్రీ మంత్రంతో మొదలగును. వారి పంచాంగాలలో ఒకటి శక సంవత్సరమే. ఆ నూతన సంవత్సర దినాన్ని ‘న్యేపి’ అందురు. 2023లో న్యేపి, మన ఉగాది రెండూ మార్చి 22నే వచ్చినవి. 2024లో మాత్రం న్యేపి మార్చి 11న, ఉగాది ఏప్రిల్ 9న వచ్చినవి. కనుక ఉగాది తేదీని బట్టి న్యేపిని ఊహించరాదు. ఆ రోజంతా ద్వీపంలో మౌనం పాటింతురు. విమానాశ్రయాన్ని సైతం 24 గంటలు మూసివేయుదురు. యాత్రికులు కూడా హోటల్ ఆవరణ దాటి బయటకు రారాదు. టికెట్లు తీయుటకు ముందు ఈ తేదీ చూచుకొనుట అవసరం.

‘ప్రైవేట్’ అనగా ఏమి?

ఈ మాట విని, ద్వీపమో గుడియో తమకొక్కరికే కేటాయింతురని కొందరు భ్రమపడుదురు. నిజానికి ప్రత్యేకంగా లభించునవి కారు, డ్రైవరు, ఆ రోజు సమయం మాత్రమే. సాధారణంగా పది గంటల లెక్కన కారు మాట్లాడుకొందురు. గుడుల ప్రవేశ రుసుము, సముద్రంలోకి వెళ్లు పడవ, అద్దాల తొడుగుల అద్దె, భోజనం ఆ మొత్తంలో ఉన్నవో లేవో ముందుగానే వ్రాతపూర్వకంగా తెలుసుకొనవలెను. పది గంటలు దాటిన తరువాత గంటకు ఎంత అన్నది కూడా అప్పుడే అడగవలెను.

అక్కడి నాణెం రుపియా. సున్నాలు ఎక్కువగా ఉండుట వలన మనవారు తికమకపడుదురు. లక్ష రుపియాలు మన లెక్కలో సుమారు ఐదారు వందల రూపాయలు. 2024 ఫిబ్రవరి 14 నుండి విదేశీ యాత్రికులు ఒక్కొక్కరు 1,50,000 రుపియాల ప్రవేశ రుసుము చెల్లించవలసి ఉన్నది. ఇది వీసా రుసుముకు అదనం. గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుండును. వారి ఉదయం ఆరు గంటలంటే మన శరీరానికి ఇంకా మూడున్నరే. వచ్చిన మరునాడే ఇట్టి సుదీర్ఘ యాత్ర పెట్టుకొనరాదనుటకు ఇదొక్క కారణం చాలును.

ఫోటో వెనుక సంగతి

ప్రకటనలలో తరచుగా కనిపించు చిత్రం లెంపుయాంగ్ ఆలయ ద్వారానిది. నడుమ చీల్చినట్లున్న రెండు రాతి స్తంభాలు, వాని మధ్య ఆగుంగ్ పర్వతం, కింద నిశ్చలమైన నీటిలో ప్రతిబింబం. చూచినవారంతా అక్కడొక సరస్సు ఉన్నదనుకొందురు. అక్కడ సరస్సు లేదు. ఫోటో తీయువాడు ఫోను కింద ఒక చిన్న అద్దం పట్టుకొనును. ప్రతిబింబమంతా ఆ అద్దం చేయు పనియే.

దీనిని మోసమనుట కంటే ముచ్చట అనుకొనవచ్చును. కాని ఆ ముచ్చటకు అగు ఖర్చు తెలిసి ఉండవలెను. కుటా, సెమిన్యాక్ వంటి దక్షిణ ప్రాంతాల హోటళ్ల నుండి లెంపుయాంగ్‌కు రెండున్నర గంటల ప్రయాణం. కారు కింద నిలిపి వేరొక వాహనంలో పైకి పోవలెను. అక్కడ సంఖ్య తీసుకొని వరుసలో కూర్చొనవలెను. రద్దీ రోజులలో ఆ నిరీక్షణే గంటల తరబడి సాగును. ఇంతా చేసి, పొద్దెక్కిన కొలది పర్వతాన్ని మబ్బు కప్పివేయును. పర్వతం స్పష్టంగా కనిపించు అవకాశం తెల్లవారుజామునే ఎక్కువ. ఆ చిత్రంలోనిది కింది ఆలయం మాత్రమే. కొండపై నున్న అసలు లెంపుయాంగ్ ఆలయానికి ఇంచుమించు 1,700 మెట్లు ఎక్కవలెను.

గుడిలో స్వామి ఎక్కడ?

బాలి గుడిలో అడుగుపెట్టిన మన పెద్దలు మొదట అడుగు ప్రశ్న ఇదే. మన ఆలయం వలె గర్భగుడి, మూలవిరాట్టు, హారతి అక్కడ కనిపించవు. ఆకాశం కిందనే మూడు ప్రాకారాలు ఉండును. లోపలి ప్రాకారంలో ‘పద్మాసన’ అను ఎత్తైన రాతి ఆసనం ఖాళీగా ఉండును. రూపానికి అందని పరమాత్మకు అది పీఠం. లోపలి ప్రాకారంలోకి పూజ చేయువారిని మాత్రమే అనుమతించుట అనేక గుళ్లలో ఆచారం. వెలుపలి నుండి చూచి వచ్చుటలో చిన్నతనమేమీ లేదు.

పూజానంతరం తీర్థం చల్లుదురు. నుదుట తడి బియ్యపు గింజలు అంటింతురు. మన అక్షతలను తలపించు ఈ ఆచారాన్ని, ‘తీర్థ’ అను మాటను అక్కడ చూచి, విని మన అవ్వలు సంతోషింతురు. స్త్రీపురుషులిద్దరూ నడుముకు లుంగీ వంటి వస్త్రం, దానిపై నడికట్టు కట్టుకొనవలెను. చాలా గుళ్ల వద్ద ఇవి లభించును. బహిష్టులో ఉన్న స్త్రీలు, ఇంట మరణం సంభవించి మైలలో ఉన్నవారు గుడిలో ప్రవేశించరాదని అక్కడి నియమం. నేలపై ఆకు దొన్నెలలో పూలు, బియ్యం పెట్టి ఉండును. అవి నైవేద్యాలు. పిల్లలు వానిని తొక్కకుండ చూచుకొనవలెను.

సముద్రం విషయంలో ఉపేక్ష వద్దు

స్నార్కెలింగ్ అనగా కళ్లకు, ముక్కుకు అద్దపు తొడుగు, నోటిలో గొట్టం పెట్టుకొని, నీటిపై బోర్లా తేలుతూ అడుగున ఉన్న పగడాలను, చేపలను చూచుట. నీటి లోతుకు దిగనక్కర లేదు. నీటిలో వస్తువులు ఉన్నదాని కంటే మూడో వంతు పెద్దవిగా, దగ్గరగా కనిపించును. చేయి చాచిన అందుననుకొన్న చేప అందకపోవుటకు కారణమిదే.

యానాం పిల్లలకు గోదావరి తెలిసి ఉండవచ్చును. మనలో చాలామందికి చెరువు ఈత కూడా రాదు. ఈత రానివారు సైతం లైఫ్ జాకెట్‌తో తేలవచ్చునని చెప్పుదురు. అది నిజమే కాని, ధైర్యం లేనివారికి ముఖం నీటిలో పెట్టి నోటితో ఊపిరి తీయుట తొలి నిమిషాలలో కష్టం. గొట్టంలోకి నీరు రాగానే భయపడి తొడుగు లాగివేయుదురు. కనుక మొదట మొల లోతు నీటిలో నిలబడి, ఊపిరిని గట్టిగా ఊది గొట్టంలోని నీటిని బయటకు చిమ్ముట నేర్చుకొనవలెను. అది వచ్చిన తరువాతనే పడవ ఎక్కవలెను.

ఇంకొక ముఖ్య విషయం. నీట మునుగువాడు సినిమాలలో వలె కేకలు వేయడు. నోరు నీటిలో ఉన్నవాడు కేక వేయలేడు. స్నార్కెలింగ్‌లో అందరూ బోర్లానే తేలుదురు గనుక, ఆపదలో ఉన్నవానిని, ఆనందిస్తున్నవానిని ఒడ్డు నుండి వేరుపరచుట కష్టం. అందుచేత ఇద్దరిద్దరుగా జతకట్టి, తరచుగా ఒకరినొకరు పలకరించుకొనవలెను. గుండె జబ్బు, రక్తపోటు, ఉబ్బసం ఉన్నవారు బయలుదేరక ముందే తమ వైద్యుని అడగవలెను. అనుమానం ఉన్న పెద్దలు ఒడ్డునే కూర్చొనుట మేలు. వారిని బలవంతపెట్టరాదు.

బాలి, లంబోక్ దీవుల మధ్య జలసంధి గుండా పసిఫిక్ మహాసముద్రపు నీరు హిందూ మహాసముద్రంలోకి ప్రవహించును. అందుచే ఆ వైపు ప్రవాహాలు బలంగా ఉండును. నుసా పెనిడా దీవి చుట్టూ ఇది మరీ ఎక్కువ. తొలిసారి నీటిలో దిగు కుటుంబాలకు పదంగ్‌బాయి వద్ద నున్న బ్లూ లగూన్ వంటి చిన్న అఖాతం తగినది. అక్కడ కూడా ఆనాటి అలలను చూచి స్థానిక పడవవాడు వద్దన్నచో ఆగిపోవలెను. పగడాలు రాళ్లు కావు. అవి ప్రాణులు. వానిపై నిలబడినచో అవి విరుగును, మన కాలూ తెగును. నవంబరు నుండి మార్చి వరకు వానకాలం గనుక నీరు కలకబారు రోజులు ఎక్కువ. ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు అనుకూలం.

ఉదయం ఒక్కటే

ఇప్పుడు అసలు చిక్కు చూడుడు. పర్వతం స్పష్టంగా కనిపించునది ఉదయం. గాలి లేచుటకు ముందు సముద్రం శాంతంగా ఉండునది ఉదయం. గుడి ప్రశాంతంగా ఉండునదీ ఉదయమే. ఎంత ఖర్చుపెట్టి ప్రత్యేక కారు మాట్లాడుకొన్నను, రెండు ఉదయాలను ఎవరూ అమ్మలేరు. మూడింటినీ కోరినచో ఒకటి మధ్యాహ్నపు మండుటెండలోనో, అలసిన శరీరంతోనో చేయవలసి వచ్చును. ఆ ఒకటి సముద్రమైనచో ప్రమాదం.

కనుక కుటుంబంతో వెళ్లువారికి ఈ క్రమం అనుకూలమని చెప్పవచ్చును. ఉదయం ఆరున్నరకు బయలుదేరినచో ఎనిమిది గంటలకు పదంగ్‌బాయి చేరవచ్చును. తేలికపాటి ఫలహారం చాలును. పది గంటలకెల్లా నీటి నుండి బయటపడి, మంచినీటితో స్నానం చేసి, పొడి బట్టలు కట్టుకొనవలెను. అక్కడికి పావుగంట దూరంలో గోవా లావా ఆలయమున్నది. ఆ పేరుకు గబ్బిలాల గుహ అని అర్థం. గుహ ముఖాన వేల గబ్బిలాలు వ్రేలాడుచుండగా, దాని ముందే పూజలు జరుగును. దహన సంస్కారం ముగిసిన తరువాతి క్రతువులకు బాలివారు ఇక్కడికి వత్తురు. అట్టి సమయంలో కెమెరాలు దించి పక్కకు తొలగుట మన ధర్మం.

భోజనానంతరం గంట ప్రయాణంలో తీర్థగంగ. కరంగసెం రాజు 1946 ప్రాంతంలో కట్టించిన జలోద్యానమిది. 1963లో ఆగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు దెబ్బతిని, తిరిగి నిర్మితమైనది. కొలనులో పరచిన రాళ్లపై నడుచుచు, చేపల నడుమ తీయు ఫోటోలకు అద్దం అక్కరలేదు. మెట్లు తక్కువ గనుక పెద్దలకూ ఇబ్బంది లేదు. సాయంత్రం ఆరు లోపల హోటల్ చేరవచ్చును.

ఈ క్రమంలో లెంపుయాంగ్ లేదని పిల్లలు అలుగవచ్చును. ఆ చిత్రమే ముఖ్యమనుకొన్నవారు నాలుగు గంటలకే బయలుదేరి, ఆనాటికి సముద్రాన్ని వదలుకొనవలెను. ఏది వదలుకొనవలెనో ఇంటిలోనే, అందరూ కూర్చొని నిర్ణయించుకొనుట మంచిది. దారిలో కారులో ఆ వాదన పెట్టుకొన్నచో రోజంతా పాడగును.

శాకాహారులకు ఒక మాట. బాలి హిందువులు మాంసాహారులు. గుడి పక్క దుకాణంలో పంది మాంసం ఉండుట అక్కడ వింత కాదు. కూరగాయల అన్నమని తెచ్చినదానిలో, పచ్చడిలో రొయ్యల ముద్ద కలియుట సాధారణం. డ్రైవరు చేత ముందే అడిగించవలెను. పులిహోర పొట్లం వెంట ఉన్నచో ఇంకా నిశ్చింత.

ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో మన కుటుంబాలు ఇట్టి యాత్రలకు వెళ్లుచున్నవి. జాబితాలోని ప్రతి స్థలాన్ని తాకి రావలెనను ఆత్రంలో అవ్వ మోకాళ్లు, పిల్లవాని ఊపిరి మరువరాదు. రెండు స్థలాలు తీరికగా చూచి, అందరూ క్షేమంగా హోటల్ చేరిన రోజే మంచి యాత్ర.