సన్నని శరీరం, దాగిన కొవ్వు: గ్రామీణ స్త్రీల జీవక్రియ ఆరోగ్యం

పాతబస్తీలోని పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి నగరవాసులే కాదు, చుట్టుపక్కల పల్లెల స్త్రీలు కూడా కాన్పుకు వస్తారు. ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం గర్భిణి చేత 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, రెండు గంటల తర్వాత రక్తంలో చక్కెర పరీక్షించాలి. డెసిలీటరుకు 140 మిల్లీగ్రాములు గానీ అంతకుమించి గానీ ఉంటే అది గర్భకాల మధుమేహం. చాలామంది పల్లె స్త్రీలకు జీవితంలో మొదటి షుగర్ పరీక్ష ఇదే. నాట్లు వేసే మనిషి, బక్కపలచని మనిషి, "నాకు షుగరేంది?" అని అడుగుతుంది. అడగవలసిన ప్రశ్నే. జవాబు ఆమె బరువు ఎంత అన్నదానిలో లేదు; ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నదానిలో ఉంది.

శరీర ద్రవ్యరాశి సూచిక, అంటే బీఎంఐ, మీకు తెలిసిందే. కిలోలలో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించాలి. 150 సెంటీమీటర్ల ఎత్తు, 50 కిలోల బరువు ఉన్న స్త్రీకి లెక్క కట్టి చూడండి: 22.2 వస్తుంది. భారతీయులకు 23 నుంచి అధిక బరువు కాబట్టి, ఈమెకు ఏ లోటూ లేదనిపిస్తుంది. అయితే ఈ సూచికకు కండకూ కొవ్వుకూ తేడా తెలియదు. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో 'లాన్సెట్' పత్రికలో తమ ఫొటోనే వేసి ఈ సంగతి చూపారు. ఇద్దరి బీఎంఐ 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. వంద పేజీల వాదన కన్నా ఆ ఒక్క ఫొటో ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం.

ఈ తేడా పుట్టుకకు ముందే మొదలవుతుంది. పుణె దగ్గరి పల్లెల్లో యాజ్ఞిక్ బృందం తూచిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, వారితో పోల్చిన ఇంగ్లండు శిశువులది 3.5 కిలోలు. బరువు తగ్గినంతగా కొవ్వు తగ్గలేదు. లోటు ఎక్కువగా కండలోనూ, పొట్టలోని అవయవాల్లోనూ కనిపించింది. భోజనం తర్వాత రక్తంలో చేరే గ్లూకోజులో పెద్ద వాటాను ఇన్సులిన్ సాయంతో తీసుకునేది కండరమే. కండ తక్కువైతే గిడ్డంగి చిన్నదైనట్టే. దానికి తోడు పొట్ట లోపలి కొవ్వు నుంచి వెలువడే కొవ్వు ఆమ్లాలు కాలేయాన్ని చేరి ఇన్సులిన్ పనిని మందగింపజేస్తాయి.

ఇందుకు మన పక్కనే ఒక సాక్ష్యం ఉంది. 1987-90లో జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాలను అధ్యయనానికి తీసుకుంది. 15 గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు మొక్కజొన్న-సోయా మిశ్రమంతో వండిన ఉప్మా పెట్టారు. మిగతా 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికి రాలేదు. ఆ పిల్లలు 13-18 ఏళ్ల వారయ్యాక మళ్లీ పరీక్షించారు. ఉప్మా అందిన గ్రామాల వారు సగటున 14 మిల్లీమీటర్లు పొడవు పెరిగారు; ఇన్సులిన్ నిరోధకత సూచిక 20 శాతం తక్కువగా ఉంది. కొవ్వు పాళ్లలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఒంట్లో కొవ్వు అంతే ఉన్నా ఇన్సులిన్ పనితీరు మెరుగ్గా ఉండవచ్చు. తల్లి కంచంలోని ఉప్మాకు ఇంత దూరపు ఫలితం ఉండవచ్చునని ఆనాడు ఎందరు ఊహించి ఉంటారు?

ఇక కాయకష్టం సంగతి. కష్టపడితే చాలు, దారుఢ్యం దానంతటదే వస్తుందని అనుకుంటాం. కలుపు తీసే స్త్రీ గంటల తరబడి వంగి ఉంటుంది. నడుము నొస్తుంది కానీ, గుండెకూ పెద్ద కండరాలకూ చాలినంత వ్యాయామం అందకపోవచ్చు. పైగా పని ఉండేది కొన్ని నెలలే. బోరు మోటారు, గ్యాసు పొయ్యి, వరికోత యంత్రం చాకిరీని తగ్గించాయి. ఆ చాకిరీ తిరిగి రావాలని నేను అనను. కంచంలో అన్నం కుప్ప అలాగే ఉండి, పప్పూ గుడ్డూ పెరగకపోవడమే చిక్కు. పల్లె వదిలి నగరానికి వచ్చి, పాతబస్తీలో ఇంట్లోనే గాజుల పనికో మగ్గం పనికో కూర్చున్న స్త్రీకి ఆ కాస్త నడక కూడా పోతుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల భారతీయ స్త్రీలలో బీఎంఐ 25 గానీ అంతకు మించి గానీ ఉన్నవారు 24 శాతం. నడుము చుట్టుకొలతను తుంటి చుట్టుకొలతతో భాగించినప్పుడు ప్రమాద స్థాయి అయిన 0.85కు చేరినవారు 56.7 శాతం. బరువు తూచే యంత్రం చూపని దాన్ని దర్జీ టేపు పట్టిస్తోంది. మన దేశపు స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. అది దాటితే రక్తపోటు, పరగడుపు చక్కెర, ట్రైగ్లిజరైడ్లు కూడా చూపించుకోవాలి.

గర్భకాల మధుమేహం వచ్చిన తల్లికి కాన్పైన ఆరు వారాలకు మళ్లీ 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష చేయాలి. అప్పటికి ఆమె పుట్టింట్లో ఉంటుంది, బిడ్డ టీకాలకు వెళుతూ ఉంటుంది. మీ ఇంట్లో అలాంటి తల్లి ఉంటే, ఆ టీకా రోజునే ఆమె పరీక్ష గురించి కూడా ఏఎన్ఎంను అడగండి.