మిగిలిన సిరప్.. పేగులకు ముప్పు!

పిల్లాడికి జలుబు చేసింది. పోయినసారి డాక్టర్ రాసిన యాంటీబయాటిక్ సిరప్ ఫ్రిజ్‌లో సగం మిగిలే ఉంది. ‘అదే జలుబు కదా’ అని రెండు రోజులు పట్టేస్తాం. వారం తిరక్కుండానే విరేచనాలు మొదలవుతాయి. బయట ఏదో తిని ఉంటాడనుకుంటాం గానీ సిరప్ మీద అనుమానం రాదు.

పిల్లల్లో విరేచనాలకు చాలావరకు వైరస్‌లే కారణం. వీటి మీద యాంటీబయాటిక్స్ పనిచేయవు. కొందరిలో మాత్రం షిగెల్లా, సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ వంటి బ్యాక్టీరియా పేగులను దెబ్బతీస్తాయి. వీటికి దారి తీసే పొరపాట్లు కొన్ని మన ఇంట్లోనే జరుగుతుంటాయి.

మంచి బ్యాక్టీరియా తగ్గితే..

పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియా చెడ్డవాటిని పెరగనివ్వదు. యాంటీబయాటిక్స్ ఈ రెండింటినీ చంపేస్తాయి. అందుకే వీటిని వాడే పిల్లల్లో కొందరికి విరేచనాలవుతాయి. ఎక్కువమందిలో ఇవి వాటంతటవే తగ్గిపోతాయి. కొందరిలో క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా విజృంభిస్తుంది. ఒకప్పుడు దీన్ని ఆసుపత్రిలో చాలాకాలం ఉన్నవారికి వచ్చే సమస్యగానే భావించేవారు. ఇప్పుడు ఆసుపత్రిలో చేరని పిల్లల్లోనూ కనిపిస్తోంది. మందు ఆపేసిన కొన్ని వారాల తర్వాత కూడా ఇది రావొచ్చు. పైగా నీళ్లు కలిపిన సిరప్ ఒకట్రెండు వారాల్లోనే పనికిరాకుండా పోతుంది. దాన్ని దాచుకోవటం రెండు విధాలా నష్టమే.

ఆమ్లం అడ్డుగోడ

జీర్ణాశయంలోని ఆమ్లం ఆహారంతో వచ్చే బ్యాక్టీరియాను చాలావరకు చంపేస్తుంది. ఒమెప్రజోల్ వంటి ఎసిడిటీ మందులు దీన్ని తగ్గిస్తాయి. పాలు కక్కుతున్నారని, కడుపునొప్పి అంటున్నారని వీటిని సొంతంగా ఇవ్వొద్దు. డాక్టర్ చెప్పిన గడువు దాటి కొనసాగించొద్దు.

వంటింట్లో జాగ్రత్తలు

* పచ్చి చికెన్‌ను కుళాయి కింద కడిగితే తుంపరలతో బ్యాక్టీరియా పక్కనున్న గిన్నెలకు అంటుతుంది. చికెన్ కోసిన చాకు, పీటతో కూరగాయలు కోయొద్దు.
* పాలసీసా మూలల్లో బ్యాక్టీరియా దాక్కుంటుంది. దీనికన్నా ఉగ్గుగిన్నె, చెంచా మేలు. ఆరు నెలల వరకు తల్లిపాలే పట్టాలి.
* షిగెల్లా వ్యాపించటానికి 10-100 బ్యాక్టీరియా చాలు. డైపర్ మార్చాక, వంటకు ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. క్లాస్ట్రిడియాయిడిస్ సిద్ధబీజాలు శానిటైజర్‌తో చావవు.

విరేచనాలు పట్టుకుంటే..

ప్యాకెట్ మీద సూచించిన కొలత ప్రకారం కాచి చల్లార్చిన నీటిలో ఓఆర్ఎస్ కలిపి, కొద్దికొద్దిగా తాగించాలి. తల్లిపాలు, తిండి మానిపించొద్దు. డాక్టర్ సలహాతో 14 రోజులు జింక్ ఇవ్వాలి. పెద్దవాళ్లు వాడే లోపెరమైడ్ మాత్రలు పిల్లలకు వేయొద్దు.

మలంలో రక్తం, తీవ్ర జ్వరం, ఆగని వాంతులు, లోతుకుపోయిన కళ్లు, మూత్రం బాగా తగ్గటం, మగతగా ఉండటం.. వీటిలో ఏది కనిపించినా వెంటనే డాక్టర్‌కు చూపించాలి. గత రెండు మూడు నెలల్లో ఏయే యాంటీబయాటిక్స్ వాడారో తప్పక చెప్పాలి. చీటీ ఉంటే వెంట తీసుకెళ్లాలి. ఏ పరీక్షలు చేయాలో నిర్ణయించటానికి అది చాలా ఉపయోగపడుతుంది.

ఫ్రిజ్‌లో ఆ పాత సిరప్ సీసా ఇంకా ఉంటే ఇవాళే తీసి పారేయండి.