బాలింతల మూలవ్యాధి



భావనపాడువంటి తీరగ్రామములలో బాలింత కన్నతల్లితోనైనను చెప్పుకొనక సహించు బాధ మూలవ్యాధి. సంస్కృతమున దీనినే అర్శస్సందురు. నేను వైద్యుడను గాను. పెద్దలకు తెలియవలసిన నాలుగు మాటలు మాత్రము మనవి చేయుదును.

గర్భభారముచే గుదమునందలి సిరలుబ్బును. ప్రసవవేళ ముక్కుటచే మఱింత వాచును. సాధారణముగా కొన్ని వారములలో తగ్గవలసిన యీ వాపును నిలిపి పెంచునది మలబద్ధము. దానికి తఱచుగా మన పథ్యమే కారణము. నీరు త్రాగిన నొడలు వాచునని, ఆకుకూరలు శీతమని మాన్పింతుము. పాలిచ్చు తల్లికి నీరు మఱింత కావలయును గదా!

కావున దాహము తీఱ నీరు, తోటకూర, ఆనపకాయ, చోడి అంబలి ఇప్పింపుడు. దినమునకు 2, 3 మారులు, 10 మొదలు 15 నిమిషముల వఱకు గోరువెచ్చని నీటితొట్టిలో కూర్చుండనిండు. ముక్కరాదు, వేగము నాపరాదు. ఇనుపమాత్రలచే మలబద్ధమైనచో తమంతట మానక వైద్యు నడుగవలెను.

సుశ్రుతుడు అర్శస్సునకు ఔషధము, క్షారము, అగ్ని, శస్త్రమని నాలుగుపాయములు చెప్పెను. క్షారాగ్నులు శిక్షితుల పని. ఊరూర దిరుగు మందులవారికి అప్పగింపరాదు. ప్రసవమున రక్తము గోల్పోయిన దేహమునకు చిన్న స్రావమైనను చేటే. రక్తము పడుచునే యున్నను, తల తిరిగినను, నొప్పి హెచ్చినను, జాగు సేయక టెక్కలి ఆసుపత్రికి గొనిపోవలెను.

పథ్యము పెద్దల యాజ్ఞ. దానిని సడలింపగలవారును మీరే.