ఆ పాత లాడ్జిలో దెయ్యం ఉందా?

మీరు మీ బాబాయితో కలిసి ఖమ్మం నుంచి భద్రాచలం బయలుదేరారనుకోండి. వైరా, తల్లాడ, ఏన్కూరు దాటారు. జూలూరుపాడు సమీపించేసరికి పొద్దు గూకింది, బండి కాస్తా చెడిపోయింది. పుష్యమాసం. చలి వణికిస్తోంది. రోడ్డుకు కొంచెం దూరంలో, టేకుచెట్ల నడుమ ఎప్పుడో మూతబడ్డ లాడ్జి ఒకటి కనిపించింది. పైన రేకుల కప్పు, గోడలనిండా పాకుడు, వెనుక ఒక పాడుబావి.

"అందులోకి పోకండయ్యా. రాత్రిళ్ళు ఎవరో నడుస్తారు" అన్నాడు దారిన పోతున్న మేకల కాపరి.

ఈ లాడ్జి ఎక్కడుందా అని మీరు జూలూరుపాడు వచ్చి వెతకవద్దు. ఇది మన ఊహలో కట్టుకున్నది. అయితే ఇలాంటి పేరు మోసిన పాత బంగళాయో, సత్రమో లేని ఊరు అరుదు. ముప్పై ఏళ్ళుగా సైన్సు పాఠం చెబుతున్నాను. "సార్, దెయ్యాలున్నాయా?" అని ఎవరో ఒకరు అడగని సంవత్సరం లేదు. అందుకే ఈ రాత్రి మిమ్మల్ని ఆ లాడ్జిలోకి తీసుకుపోతున్నాను. ఒకటే షరతు. ఏం విన్నా, ఏం చూసినా "దెయ్యం" అనకూడదు. "ఇది ఎందువల్ల?" అని మాత్రమే అడగాలి. సరేనా? రండి.

అడుగుల చప్పుడు

లోపల కూర్చున్నారో లేదో, పైకప్పు మీద "టక్... టక్..." మని చప్పుడు. ఎవరో నెమ్మదిగా నడుస్తున్నట్టే ఉంది!

పదార్థాలు వేడికి వ్యాకోచిస్తాయని, చల్లబడితే సంకోచిస్తాయని మీరు చదువుకున్నారు. ఒక మీటరు పొడవున్న ఉక్కు, ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ మారితే సుమారు 0.012 మిల్లీమీటర్లు మారుతుంది. ఆ లాడ్జి రేకు పొడవు 6 మీటర్లు అనుకుందాం. పగటి ఎండకు అది 50 డిగ్రీలకు వేడెక్కి, రాత్రి 15 డిగ్రీలకు చల్లబడిందనుకుందాం. తేడా 35 డిగ్రీలు. గుణించి చూడండి: 6 × 35 × 0.012 = 2.52. అంటే రేకు రెండున్నర మిల్లీమీటర్లు కుంచించుకుపోవాలి. కాని మేకులు దాన్ని పట్టి ఉంచుతాయి. బిగువు పెరిగి పెరిగి, ఒక్కసారిగా రేకు జారుతుంది. అదే "టక్". ఒక చోట జారాక మరొక చోట జారుతుంది కనుక చప్పుడు నడిచి వెళ్తున్నట్టు ఉంటుంది. రేకులు త్వరత్వరగా చల్లబడేది సూర్యాస్తమయం తర్వాతే. "చీకటి పడగానే నడక మొదలవుతుంది" అని జనం అనడంలో అబద్ధమేమీ లేదు. వారు విన్నది నిజమే. చెప్పిన కారణమే పొరపాటు.

మూలన నిలబడ్డ ఆకారం

గది మూల ఎవరో బూడిదరంగు మనిషి నిలబడ్డట్టుంది. గబుక్కున అటు తిరిగి చూశారు. మాయం!

మన కంటి రెటీనాలో దండాలు, శంకువులు అనే రెండు రకాల కణాలు ఉంటాయి. రంగులను గుర్తించేవి శంకువులు. వాటికి మంచి వెలుతురు కావాలి. మసక చీకటిలో పనిచేసేవి దండాలు. వాటికి రంగులు తెలియవు. పైగా మనం తిన్నగా చూసినప్పుడు బొమ్మ పడే రెటీనా నడిమి చోట దండాలు ఉండవు. కనుక చీకట్లో ఒక వస్తువు కంటి చివరనుంచి బూడిదరంగులో కనిపిస్తుంది, తిన్నగా చూస్తే కనిపించకుండా పోతుంది. గోడమీది తేమ మరకకు కాళ్ళూ చేతులూ అతికించే పని మన మెదడు చేస్తుంది. మబ్బుల్లో ఏనుగును చూపించేది కూడా ఆ మెదడే కదా!

నమ్మకం కుదరలేదా? ఈ రాత్రే మీ ఇంటి బయట నిలబడి బాగా మసకగా ఉన్న ఒక నక్షత్రాన్ని ఎంచుకోండి. తిన్నగా చూడండి, ఆపైన దాని పక్కకు చూడండి. పక్కకు చూసినప్పుడే అది బాగా కనిపిస్తుంది.

అటకమీది కేక

ఇంతలో అటకమీది నుంచి గొంతు చీలినట్టు ఒక కేక. ఒక తెల్లని ఆకారం చప్పుడు లేకుండా కిటికీలోంచి బయటికి పోయింది. ఈసారి నిజంగానే ఒక ప్రాణి ఉంది. అది గుడ్లగూబ. పాడుబడ్డ కట్టడాల్లో కాపురముండే తెల్లని ముఖపు గుడ్లగూబ మిగతా గూబల్లా మూలగదు, కీచుమని అరుస్తుంది. దాని రెక్కల ఈకల అంచులు దువ్వెన పళ్ళలా, కుచ్చులా ఉండి గాలి చప్పుడును అణిచివేస్తాయి. అందుకే అది ఎగిరినా వినబడదు. ఎలుకలు దాని ఆహారం. రైతుకు అంత మేలు చేసే పక్షిని మనం అపశకునమని రాళ్ళు వేసి తరుముతున్నాం!

అసలు ప్రమాదం

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. చప్పుళ్ళకు జడిసి మీరు తలుపులు, కిటికీలు బిగించారు. చలికి తట్టుకోలేక బాబాయి బొగ్గుల కుంపటి రాజేశాడు. కాసేపటికి మీకు తలనొప్పి మొదలైంది. కడుపులో తిప్పుతోంది. కాళ్ళు బరువెక్కాయి. చెవుల్లో ఏవో మాటలు. "నన్నెవరో పట్టుకున్నారు" అనిపిస్తోంది.

ఇంతవరకు మిమ్మల్ని భయపెట్టినవేవీ మీకు హాని చేయలేదు. ఇది మాత్రం చంపుతుంది. బొగ్గుకు చాలినంత ఆక్సిజన్ అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. ఇక శరీరానికి ఆక్సిజన్ మోసేదెవరు? మెదడు తడబడుతుంది. నిద్రలోనే ప్రాణం పోతుంది.

ఇది నిజంగా జరిగిన సంగతే. అమెరికాకు చెందిన విల్మర్ అనే కంటి వైద్యుడు 1921లో ఒక కుటుంబం కథను వైద్య పత్రికలో ప్రకటించాడు. వారు ఒక పాత పెద్ద ఇంట్లో చేరాక రాత్రిళ్ళు అడుగుల చప్పుళ్ళు వినిపించాయి, వింత ఆకారాలు కనిపించాయి. పిల్లలు పాలిపోయారు. ఇంట్లోని మొక్కలు వాడిపోయాయి. వెతికితే ఇంటిని వెచ్చచేసే కొలిమి చెడిపోయి, దాని పొగ గొట్టంలోకి పోకుండా గదుల్లోకి వస్తోందని తేలింది. కొలిమిని బాగుచేయించారు. దెయ్యం మళ్ళీ రాలేదు! వారు "ఇది దెయ్యమే" అని తేల్చుకుని పూజలతో సరిపెట్టుకుని ఉంటే ఏమయ్యేది? ఆలోచించండి.

కనుక మూసిన గదిలో కుంపటి గాని, జనరేటరు గాని పెట్టరాదు. ఎవరికైనా అలా అయితే వెంటనే తలుపులు తెరిచి, ఆ మనిషిని బయటి గాలిలోకి తెచ్చి 108కి ఫోను చేయాలి.

బావిలో మోహిని

లాడ్జి వెనుక పాడుబావి ఉందన్నాను కదా. అలాంటి బావిలో దిగిన మనిషి పైకి రాడు. అతన్ని తేవడానికి దిగిన రెండోవాడూ రాడు. "మోహిని లాగేసింది" అంటారు. ఆకులు, చెత్త కుళ్ళినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. అది గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. గాలి కదలని బావి అడుగున పేరుకుపోతుంది. అక్కడ ఆక్సిజన్ కరువై మనిషి క్షణాల్లో స్పృహ తప్పుతాడు. మోహిని అని నమ్మిన ఊరు కొబ్బరికాయ కొట్టి ఊరుకుంటుంది, మరుసటి వేసవిలో మరొకరు దిగుతారు. కారణం తెలిసిన ఊరు బావిమీద మూత వేస్తుంది.

రైలు ఆగని స్టేషన్

భయానికి ఖరీదు ఎంతో చెప్పే కథ ఒకటి వినండి. పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా జిల్లాలో బేగున్‌కోదర్ అనే చిన్న రైల్వేస్టేషన్ 1960లో మొదలైంది. తెల్లచీర కట్టిన దెయ్యం పట్టాల మీద తిరుగుతోందని పుకారు పుట్టి, 1967లో మూతబడింది. మళ్ళీ తెరిచింది 2009లో. లెక్క వేయండి, 42 ఏళ్ళు! అన్నేళ్ళూ ఆ పల్లెల జనం రైలెక్కాలంటే వేరే ఊరికి పోవలసి వచ్చింది. 2017 డిసెంబరులో అక్కడి సైన్సు ప్రచార సంఘం సభ్యులు కొందరు టార్చిలైట్లు, కెమెరాలతో ఒక రాత్రంతా ఆ స్టేషన్‌లో గడిపారు. దెయ్యం రాలేదు. చీకట్లో వింత శబ్దాలు చేసి తమను భయపెట్టబోయింది మనుషులేనని వారు చెప్పారు.

మీరు చేయవలసినది

దెయ్యం లేదు కనుక పాడుబడ్డ కట్టడంలోకి ధైర్యంగా పోవచ్చని మాత్రం అనుకోకండి. రాత్రిపూట తిరిగే కట్లపాము ఉండవచ్చు. పుచ్చిన దూలం, కూలే గోడ ఉండవచ్చు. గబ్బిలాల రెట్ట ధూళిలో ఊపిరితిత్తులకు హాని చేసే బూజు ఉండవచ్చు. చూడాలనుకుంటే యజమాని అనుమతితో, పెద్దవాళ్ళతో, పట్టపగలు మాత్రమే చూడండి. బావి దగ్గరికి అసలే పోవద్దు.

మీ ఇంట్లోనో, బడిలోనో వింత చప్పుడు వినబడితే ఒక నోటు పుస్తకం తీయండి. ఏ సమయంలో వచ్చింది? ఏ దిక్కునుంచి? అప్పుడు ఎండా, చలా, గాలా? వారం రోజులు రాయండి. సగం దెయ్యాలు ఆ పుస్తకంలోనే చిక్కుతాయి.

"దెయ్యం" అనేది జవాబు కాదు, వెతకడం ఆపేసినప్పుడు మనం పెట్టుకునే పేరు. వెతకడం ఆగినచోట కుంపటి పొగ, బావి గాలి తమ పని తాము చేసుకుపోతాయి. భయం వేస్తే సిగ్గుపడకండి, అందరికీ వేస్తుంది. భయపడుతూనే అడగండి: "ఇది ఎందువల్ల?"