సిమిలిట్యూడ్: ఒక పాత మాట

ఇంగ్లీషున పోలికను చెప్పదలచినవారు నేడు 'సిమిలారిటీ' అనియో 'లైక్‌నెస్' అనియో అందురుగాని 'సిమిలిట్యూడ్' అనుట అరుదు. అన్నచో వినువారికది తాతలనాటి మాటగా తోచును. అయినను దీనియందున్న అర్థగాంభీర్యము తక్కిన రెంటియందును లేదని నా తలంపు.

లాటినున 'సిమిలిస్' అనగా సదృశమని అర్థము. దానినుండి పుట్టిన ఈ పదము ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దమున ఇంగ్లీషును చేరెను. ఆ 'సిమిలిస్'కును మన 'సమ' శబ్దమునకును మూలమొక్కటియేయని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ చుట్టరికమెంత దగ్గరిదో ఛాసరు కవి ప్రయోగమున కానవచ్చును. 'కాంటర్‌బరీ కథల'లో మిల్లరు చెప్పిన కథయందు ముసలి వడ్రంగి యొకడు పదునెనిమిదేండ్ల పడుచును పెండ్లాడును; తనకు తగినదానినే చేసికొనవలెనన్న కేటో నీతిని ఆ చదువులేనివాడెరుగడని చెప్పుచు, 'తగినది' అనవలసిన తావున కవి ఈ పదమునే నిలిపెను. దీనిని 'పోలిక' యని తెనిగించినచో రసము చెడును. ముఖము ముఖమును పోలుట కాదు, ఈడును జోడును కుదురుట యిచట వివక్షితము. వియ్యమునకైనను కయ్యమునకైనను సమవుజ్జీ యుండవలెనని మన పెద్దలనునప్పటి 'సమవుజ్జీ'యే దానికి సరియైన తెలుగు.

1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలున ఇది ఒకచో దేవుని ప్రతిరూపమను అర్థమునను, హోషేయ గ్రంథమున దృష్టాంతమను అర్థమునను కనబడును. బన్యను 1678లో తన 'యాత్రికుని ప్రయాణము'ను స్వప్నరూపమున చెప్పితినని ముఖపత్రముననే తెలుపుటకు ఈ పదమునే గ్రహించెను.

వాడుకనుండి తొలగిన ఈ పదమును నిలిపినవారు కవులు కారు, ఇంజనీర్లు. విలియం ఫ్రూడ్ అను ఆంగ్లేయుడు 1870 తరువాత టార్కీ పట్టణమున పొడవైన నీటితొట్టి కట్టించి, పారఫిన్ మైనముతో చేసిన చిన్న ఓడలను అందులో లాగించి, ఎంత బలము పట్టునో కొలిచెను. అసలు ఓడలో 16వ వంతు పొడవుగల నమూనాను దాని వేగములో 16వ వంతుతో లాగిన ప్రయోజనము లేదు. 4వ వంతు వేగముతో లాగినప్పుడే, సముద్రమున మహానౌక లేపు అలల తీరే ఆ తొట్టిలోను చిన్నదై లేచును. వేగము పొడవుయొక్క వర్గమూలమును అనుసరించుటయే ఇందలి కీలకము. 1915లో రేలీ ప్రభువు 'నేచర్' పత్రికలో ఇట్టి సామ్యమును గూర్చి వ్రాసిన వ్యాసమునకు ఈ పదముతోనే పేరు పెట్టెను.

ఛాసరు పేరైనను విననవసరములేని మన ఇంజనీరింగు విద్యార్థి నేటికిని ద్రవయంత్రశాస్త్రమున ఈ మాటను వల్లించుచున్నాడు: ఆకారము కుదురవలెను, చలనము కుదురవలెను, బలములు కుదురవలెను; ఆ మూడింటి పొందికయే అతనికి సిమిలిట్యూడ్.