ఉప్పెన వేళ ప్రాణాలు నిలిపింది ఏది?

కోట్ల ఏళ్ల కిందట భూమిలో కూరుకుపోయిన జీవరాశి అవశేషాల నుంచి ఏర్పడిన బొగ్గు, చమురు, సహజవాయువులను శిలాజ ఇంధనాలు అంటారు. వీటి వాడకం పెరిగిన కాలంలోనే ప్రకృతి వైపరీత్యాల మరణాలు తగ్గాయి కాబట్టి మనిషిని కాపాడుతున్నది ఈ ఇంధనాలేనన్న వాదన వాతావరణ చర్చల్లో తరచూ వినిపిస్తుంది. మరణాలు తగ్గిన మాట నిజం. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కల ప్రకారం 1970, 80 దశకాల్లో వాతావరణ విపత్తుల వల్ల రోజుకు సగటున 170 మంది చనిపోగా, 2010 దశకానికి ఆ సంఖ్య 40కి దిగింది. అయితే ఆ ఘనత దేనిదో తేల్చడానికి బంగాళాఖాతపు తీరం కన్నా తగిన చోటు మరొకటి లేదు.

1970లో భోలా తుపాను నేటి బంగ్లాదేశ్‌లో కనీసం 3 లక్షల మందిని బలిగొంది. 1977 నవంబరు 19న దివిసీమలో అధికారిక లెక్క ప్రకారమే దాదాపు 10 వేల మంది పోయారు. రెండు చోట్లా ఎక్కువ ప్రాణాలు తీసింది ఉప్పెన. తుపాను గాలి తీరం వైపు నెట్టుకొచ్చిన సముద్రజలం, లోతు తక్కువైన చోట అడుగుకు మళ్లే దారి లేక పైకి లేచి ఊళ్ల మీద పడడాన్నే ఉప్పెన అంటారు. ఉత్తరానికి పోయేకొద్దీ గరాటులా ఇరుకయ్యే బంగాళాఖాతంలో దాని ఎత్తు మరింత పెరుగుతుంది. దాని నుంచి బతకాలంటే ముందే దూరంగా పోవాలి, లేదా గట్టి కట్టడం మీదికి ఎక్కాలి. రెండింటికీ కబురు వేళకు అందాలి.

1999లో ఒడిశాలో దాదాపు 10 వేల మందిని చంపిన పెను తుపాను తరువాత, 2013లో అదే తీరానికి పైలిన్ వచ్చినప్పుడు దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించడంతో మృతుల సంఖ్య 50 దాటలేదు. జనాన్ని మోసిన బస్సుల డీజిలులో, తుపాను రక్షిత భవనాల సిమెంటు, ఉక్కుల తయారీలో శిలాజ ఇంధనాల పాత్ర ఉంది. దాన్ని కాదనడం న్యాయం కాదు.

కానీ ఇంధనం ఒక్కటే కారణమైతే ఆరు నెలల తేడాతో వచ్చిన రెండు తుపానుల కథ అర్థం కాదు. 2007 నవంబరులో సిడ్ర్ తాకిన బంగ్లాదేశ్, 2008 మేలో నర్గీస్ తాకిన మయన్మార్ రెండూ పేద దేశాలే, తలసరి ఇంధన వాడకం చాలా తక్కువగా ఉన్నవే. మొదటి చోట సుమారు 3,400 మంది, రెండో చోట దాదాపు 1,38,000 మంది చనిపోయారు. భోలా విషాదం తరువాత బంగ్లాదేశ్ తీర గ్రామాల్లో వేలాది స్వచ్ఛంద సేవకులకు శిక్షణ ఇచ్చి, మైకులతో ఇంటింటికీ హెచ్చరిక చేరే ఏర్పాటు చేసుకుంది. మయన్మార్‌కు భారత వాతావరణ శాఖ ముందుగానే పంపిన సమాచారం ఇరావతీ డెల్టా పల్లెలకు తగినట్టుగా చేరలేదు. ప్రాణాలు నిలిపిన అసలు శక్తి ఈ హెచ్చరిక ఏర్పాటే. దాన్ని నడిపే విద్యుత్తు సూర్యరశ్మి నుంచి వచ్చినా పని ఆగదు.

పైగా ముప్పును పెంచుతున్నదీ ఈ శిలాజ ఇంధనాలే. అవి మండి వెలువడే, భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్, పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉండగా నేడు 420 దాటింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు కాబట్టి కుండపోత వానలు తీవ్రమవుతాయి. 1901 తరువాత సముద్రమట్టం 20 సెంటీమీటర్ల మేర పెరిగినందున ప్రతి ఉప్పెనా ఆ మేరకు ఎత్తు నుంచే మొదలవుతుంది. అన్ని ముప్పులకూ తరలింపు మందు కాదు. 2015 వేసవిలో మన దేశంలో వడగాలులకు 2 వేల మందికి పైగా చనిపోగా, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే.