దురదలన్నీ ఒక్కటి కావు!

పొద్దున లేచేసరికి ఒళ్లంతా దద్దుర్లు. దోమ కుట్టినంత మొదలై రూపాయి బిళ్లంత, అరచేయంత అవుతాయి. గోకినకొద్దీ పెరుగుతాయి. 'నిన్న వంకాయ తిన్నావు కదా' అంటుంది అమ్మమ్మ. 'పైత్యం చేసింది' అంటారు పక్కింటివాళ్లు. నాన్న మెడికల్ షాపుకెళ్లి ఓ బిళ్ల తెస్తాడు. సాయంత్రానికల్లా మచ్చయినా మిగలదు. కొన్నాళ్లకు మళ్లీ దురద. మళ్లీ అదే బిళ్ల. ఈసారి మాత్రం తగ్గదు... ఎందుకు? బిళ్ల మారలేదు, మనిషీ మారలేదు. మారింది దురద!

ఆ తేడా తెలియాలంటే మన చర్మం లోపలున్న ఓ కాపలాదారును పలకరించాలి.

మేత కాదు, మందుగుండు

ఆ కాపలాదారు పేరు మాస్ట్ కణం. దానికి ఆ పేరు పెట్టింది జర్మనీకి చెందిన పాల్ ఎర్లిక్. 1878లో వైద్య పట్టా కోసం రాసిన సిద్ధాంత వ్యాసంలో ఈ కణాలను వర్ణించాడు. రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూస్తే వాటి నిండా గింజల్లాంటి రేణువులు. బాగా మేసి బలిసిన కణాలేమో అనుకున్నాడు. జర్మన్ భాషలో 'మాస్ట్' అంటే పశువులను బలిపించే మేత. నిజానికి అది మేత కాదు, మందుగుండు! ఆ కణాల్లో నిండా ఉన్నది హిస్టమిన్ అనే రసాయనమని 1953లో రైలీ, వెస్ట్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు.

చర్మం, ముక్కు, ఊపిరితిత్తులు, పేగులు... బయటి ప్రపంచం మన ఒంటిని తాకే ప్రతి సరిహద్దులోనూ ఈ కణాలు కాపలా ఉంటాయి. పరాన్నజీవులు, విషాల మీద పోరాడటం వీటి పని. చిక్కేమిటంటే, కొందరిలో ఇవి చిన్న విషయానికే ఉలిక్కిపడతాయి. తేనెటీగ విషమో, ఓ మందో, వేరుసెనగో తగలగానే క్షణాల్లో హిస్టమిన్‌ను బయటికి చిమ్ముతాయి. అది చుట్టుపక్కల సన్నని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. చర్మం ఎర్రబడుతుంది. నాళాల్లోంచి నీరు ఊరుతుంది. దద్దు లేస్తుంది. నరాల కొసలను కదిలిస్తుంది. దురద పుడుతుంది. మన పెద్దలు శీతపిత్తం అన్నా, డాక్టర్లు అర్టికేరియా అన్నా జరిగేది ఇదే.

దీన్ని గుర్తుపట్టడం తేలికే. ఒక్కో దద్దు సాధారణంగా 24 గంటల్లోపు మచ్చ లేకుండా మాయమవుతుంది. చేతి మీద తగ్గి తొడ మీద లేవొచ్చు గానీ, ఒకే చోట రోజుల తరబడి ఉండదు. జీవితంలో ఒక్కసారైనా దద్దుర్లు వచ్చేవాళ్లు దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు ఉంటారని అంచనా.

సిట్రిజిన్, ఏవిల్ లాంటి బిళ్లలు పనిచేసేది ఇక్కడే. అవి హిస్టమిన్‌ను ఒంట్లోంచి తరిమేయవు. అది వెళ్లి కూర్చోవాల్సిన పీట మీద ముందే తాము కూర్చుంటాయి. అంతే! అందుకే దద్దుర్లు ఆరు వారాలు దాటినవాళ్లకు వైద్యులు 'వచ్చినప్పుడు వేసుకోండి' అనరు, 'రోజూ వేసుకోండి' అంటారు.

చలి తాకినా, చెమట పట్టినా...

మాస్ట్ కణాలను రెచ్చగొట్టేవి తిండి, పురుగులే కాదు. వాతావరణం కూడా! అందులో ఉత్తర తెలంగాణకు రెండు కొసలూ ఉన్నాయి. ఉమ్మడి ఆదిలాబాద్ ఏజెన్సీలో చలికాలం తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీల కిందికి జారుతుంది. రామగుండంలో ఎండాకాలం 45 డిగ్రీలు దాటిన రోజులున్నాయి.

కొందరికి చల్లగాలి తగిలినా, చన్నీళ్లలో చేయి పెట్టి తీసినా దద్దుర్లు లేస్తాయి. ఐసు ముక్కను ముంజేతి మీద అయిదు నిమిషాలు ఉంచి, తీసేశాక దద్దు లేస్తుందేమో చూసి వైద్యులు దీన్ని నిర్ధారిస్తారు. చిన్న సమస్యే అనిపిస్తుంది. కానీ ఇలాంటి వాళ్లు చలికాలంలో వ్యవసాయ బావిలోకో, గోదావరిలోకో ఒక్కసారిగా దూకితే? ఒళ్లంతా ఒకేసారి చల్లబడి, అన్నిచోట్లా హిస్టమిన్ విడుదలై రక్తపోటు పడిపోవచ్చు. నీళ్లలోనే స్పృహ తప్పొచ్చు. చలికి దద్దుర్లు వచ్చే పిల్లలను ఒంటరిగా ఈతకు పంపకూడదనేది ఇందుకే.

ఇంకొందరికి ఎండలో పనిచేసి చెమట పట్టగానే గుండుసూది తలంత పొక్కులు వందల్లో లేస్తాయి. చెమటకాయలనుకుని పౌడరు చల్లుకుంటారు. చెమటకాయలు రోజుల తరబడి ఉంటాయి. ఇవి ఒళ్లు చల్లబడ్డాక కాసేపటికి సర్దుకుంటాయి. ఇవీ మాస్ట్ కణాల పనే.

అడవి నేర్పే పాఠం

మరి బిళ్లకు లొంగని దురద సంగతి? దానికి జవాబు మన అడవుల్లోనే ఉంది. దూలగొండి కాయ తెలుసు కదా! దాని నూగు ఒంటికి తగిలితే ఎంతటివాడైనా గంతులేయాల్సిందే. ఆ దురదకూ హిస్టమిన్‌కూ దాదాపు సంబంధం లేదు. నూగులో మ్యూక్యునైన్ అనే ఎంజైము ఉంటుంది. అది మాస్ట్ కణాల జోలికి పోకుండా నేరుగా నరాల కొసల మీదున్న వేరే గ్రాహకాలను తట్టిలేపుతుందని 2008లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి పరిశోధకులు తేల్చారు. దురదకు ఒకటికి మించి దారులున్నాయని శాస్త్రవేత్తలకు అర్థం చేయించిన వాటిలో మన దూలగొండీ ఒకటన్నమాట.

నల్లజీడిది మూడో దారి. చాకలివారు బట్టల మీద గుర్తు పెట్టడానికి వాడిన గింజ ఇదే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మనదేశానికొచ్చిన అమెరికా సైనికులకు ఆ గుర్తు తగిలినచోటల్లా చర్మం పొక్కి రసి కారింది. ఇక్కడ పనిచేసేవి టీ-కణాలనే మరో దళం. ఇవి నిమిషాల్లో రావు. ఒకటి రెండు రోజులాగి వస్తాయి. వచ్చాక వారాలపాటు కదలవు. పొలం గట్ల మీది వయ్యారిభామ వల్ల మొహం, మెడ, మోచేతి మడతలు నల్లబడి దురద పెట్టడమూ ఈ కోవలోదే. వీటికి ఏవిల్ వేసుకుంటే నిద్ర వస్తుంది, జబ్బు పోదు!

గజ్జి, తామరలకూ అంతే. రాత్రిపూట ఎక్కువై, వేళ్ల సందుల్లో మొదలై, ఇంట్లో అందరికీ అంటుకుంటే అది గజ్జి. పురుగును చంపే మందు ఇంటిల్లిపాదీ ఒకేసారి రాసుకోవాల్సిందే. అంచులు ఎర్రగా, గుండ్రంగా పాకేది తామర. అది బూజు. దానికి షాపులో దొరికే స్టెరాయిడ్ కలిసిన పూతమందు రాస్తే రెండు రోజులు హాయిగా ఉంటుంది. లోపల బూజు మాత్రం ఇంకా విస్తరిస్తుంది. చర్మం పలచబడి చారలు పడతాయి. 'తగ్గింది, మళ్లీ వచ్చింది' అంటూ ఏళ్లకేళ్లు తిరిగేవారిలో చాలామంది కథ ఇదే.

వంకాయ నేరమెంత?

తిండి వల్ల వచ్చే దద్దుర్లు సాధారణంగా తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపు వస్తాయి. తిన్న ప్రతిసారీ వస్తాయి. అలా వస్తే ఆ పదార్థం మానేయాల్సిందే. నెలల తరబడి రోజూ వచ్చే దద్దుర్లకు మాత్రం తిండి కారణమవడం చాలా అరుదు. ఎక్కువమందిలో సొంత రోగనిరోధక వ్యవస్థే మాస్ట్ కణాలను గిల్లుతుంటుంది. వంకాయ, గోంగూర, గుడ్డు, చేప అన్నీ మాన్పించి ఎదిగే పిల్లలను చిక్కిపోయేలా చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. నొప్పి మాత్రలు కొన్ని దద్దుర్లను పెంచుతాయి. వాటి గురించి మాత్రం వైద్యుడికి తప్పక చెప్పాలి.

ఇవి గుర్తుంచుకోండి

* దద్దుర్లతో పాటు నాలుక, గొంతు వాచినా, ఊపిరాడకపోయినా, కళ్లు తిరిగినా, వాంతులైనా అది ప్రాణాపాయం. బిళ్ల వేసి ఎదురుచూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. అప్పుడు ప్రాణం నిలిపేది తొడకు ఇచ్చే ఎడ్రినలిన్ ఇంజెక్షనే.
* ఏవిల్ లాంటి పాత మందులు మత్తు తెస్తాయి. బండి నడిపేవాళ్లు, గనుల్లో షిఫ్టులకు వెళ్లేవాళ్లు జాగ్రత్త. ఫెక్సోఫెనడిన్ లాంటి కొత్తవాటితో మత్తు చాలా తక్కువ. సిట్రిజిన్‌తోనూ కొందరికి నిద్ర వస్తుంది.
* రోజూ బిళ్ల వేసుకున్నా దద్దుర్లు ఆగకపోతే మోతాదు పెంచడం వైద్యుడి పని, మనది కాదు. అప్పటికీ లొంగనివాటికి ఒమలిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఉంది.
* ఒక దద్దు ఒకేచోట 24 గంటలు దాటి ఉన్నా, తగ్గాక నల్లమచ్చ పడినా చర్మ వైద్యులకు చూపించండి.
* దద్దుర్లు వచ్చినప్పుడు సెల్‌ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ఆస్పత్రికి వెళ్లేసరికి అవి మాయమైపోవచ్చు.

ఇంట్లో ఎవరికైనా దురద వస్తే 'ఏ బిళ్ల?' అని అడిగే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎంతసేపట్లో వచ్చింది? ఎంతసేపు ఉంది? ఇంకెవరికైనా ఉందా? ఈ మూడింటి జవాబులతో వెళితే డాక్టరుకు సగం పని తప్పుతుంది. మనకు సగం ఖర్చు మిగులుతుంది.